వేబ్రిడ్జి తెర మీద ప్రింట్‌డబ్ల్యూ: 990 కిలోలు 9900గా ఎందుకు కనిపిస్తాయి?

మీ ప్రశ్న తర్వాత చదివేవారికి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వేబ్రిడ్జి గది కోసం మీరు సీ భాషలో, టెర్మినల్ (అక్షరాలు మాత్రమే చూపే తెర) మీద గీయడానికి వాడే ఎన్‌కర్సెస్ లైబ్రరీతో ఒక ప్రోగ్రాం రాస్తున్నారు. తూకం ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీద బరువు వస్తుంది. బండి నంబరు, కాయ రకం, నిండు తూకం, ఖాళీ తూకం, నికర బరువు తెర మీద కనిపించాలి. కానీ బరువు 1000 నుంచి 990కి దిగినప్పుడు 9900 అని చూపిస్తోంది. కాయ రకాలు తెలుగులో వేస్తే నిలువు వరుసలు కుదరడం లేదు. చుట్టూ గీసిన పెట్టెకు కుడి గీత మాయమవుతోంది. రోజుకు ఒకటి రెండుసార్లు తెరంతా చెత్తగా మారుతోంది. తెర మీద అక్షరాలు ముద్రించే ఆ లైబ్రరీ ఫంక్షన్ ప్రింట్‌డబ్ల్యూలోనే లోపం ఉందా, వేరే లైబ్రరీ చూసుకోవాలా అని అడిగారు.

లోపం లేదు, లైబ్రరీ మార్చే పనీ లేదు. నేను తిరుపతిలో ఉంటూ ఇలాంటి తెరలకే ఏళ్లుగా మరమ్మతులు చేస్తున్నాను. మీరు చెప్పిన నాలుగూ నాకు పాత పరిచయాలే. తోతాపురి సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు తెర మీద ఒక సున్నా అదనంగా కనిపిస్తే ఎంత గొడవ అవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఫంక్షన్ల పేర్లూ ఫార్మాట్ గుర్తులూ ఇక్కడ తెలుగు లిపిలో ఉంటాయి. కోడ్‌లో మాత్రం ఎప్పటిలాగే టైపు చేసుకోండి.

ప్రింట్‌డబ్ల్యూ అనేది సీ భాషలో మామూలు ముద్రణ ఫంక్షన్ అయిన ప్రింట్‌ఎఫ్‌కు తెర వేషం వేసినట్టు కనిపిస్తుంది గానీ, లోపల జరిగేవి రెండు వేర్వేరు పనులు. మొదట మీరిచ్చిన ఫార్మాట్ (ఏది ఎలా ముద్రించాలో చెప్పే నమూనా), విలువలు కలిపి ఒక మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరుస) తయారవుతుంది. ఈ పని చేసేది సీ లైబ్రరీ. దానికి విండో (తెరలో ఒక భాగం) తెలియదు, గడులు (ఒక్కో అక్షరం పట్టే చోట్లు) తెలియవు, బైట్లు మాత్రమే తెలుసు. తర్వాత ఆ స్ట్రింగ్‌ను, ఉన్నదున్నట్టు వేసే యాడ్‌ఎస్‌టీఆర్ ఫంక్షన్‌కు ఇచ్చినట్టే, కర్సర్ ఉన్న చోటు నుంచి ఒక్కో అక్షరాన్ని విండో గడుల్లో పేర్చడం జరుగుతుంది. ఈ గడులు ఇంకా మెమొరీలోనే ఉన్నాయి. రిఫ్రెష్ పిలిచినప్పుడు మూడో పని మొదలవుతుంది: తెర మీద ఇప్పుడు ఏముందో, కొత్తగా ఏముండాలో పోల్చి, తేడా ఉన్న గడులను మాత్రమే టెర్మినల్‌కు పంపుతుంది. మీ నాలుగు ఫిర్యాదుల్లో ప్రతిదీ ఈ మూడింటిలో ఏదో ఒక చోట పుట్టిందే. ఏది ఎక్కడ పుట్టిందో చూడకుండా కోడ్ అంతటా రిఫ్రెష్‌లు చల్లుకుంటూ పోతే సమస్య పోదు, దాక్కుంటుంది.

తేడా మాత్రమే పంపే పద్ధతి ఎందుకు వచ్చిందంటే, ఎన్‌కర్సెస్‌కు మూలమైన కర్సెస్ పుట్టిన 1980 ప్రాంతంలో టెర్మినళ్లు సీరియల్ తీగల మీద నడిచేవి. 9600 బాడ్ వేగంలో సెకనుకు సుమారు 960 అక్షరాలు పోతాయి. 80 నిలువు వరుసలు, 24 అడ్డు వరుసల తెర మొత్తం నింపాలంటే 1920 అక్షరాలు, అంటే రెండు సెకన్లు. ఇప్పుడు ఆ బాధ లేదు గానీ లైబ్రరీ స్వభావం అదే. మీరు చెరపనిది అది చెరపదు.

ఇక 9900 సంగతి. మీరు 20వ నిలువు వరుస నుంచి ఉత్త %డి (పూర్ణాంకం ముద్రించే గుర్తు) తో బరువు ముద్రిస్తున్నారు. 1000 ముద్రించినప్పుడు 20, 21, 22, 23 గడులు నిండాయి. తర్వాత 990 వచ్చింది. అది 20, 21, 22 గడులను మాత్రమే తాకింది. 23వ గడిలో పాత సున్నా అలాగే కూర్చుని ఉంది. లైబ్రరీ దృష్టిలో అది మీరు ఉంచమన్న అక్షరం. ఇదే 10000 నుంచి 9990కి దిగితే 99900 అవుతుంది. అది అరవై టన్నుల వేబ్రిడ్జి మీద అసాధ్యం కాబట్టి ఎవరో ఒకరు అరుస్తారు. 990 బదులు 9900 కనిపిస్తే మాత్రం నిండు ట్రాక్టరు బరువులా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. నాకు భయం వేసేది ఈ రెండో రకంతోనే.

మందు సులువు: %6డి. ఎప్పుడూ ఆరు గడులు, అంకెలు కుడి వైపుకు. అరవై టన్నులంటే 60000, అయిదు అంకెలు. ఖాళీ వేబ్రిడ్జి సున్నా కిందికి జారి మైనస్ చూపే రోజులు ఉంటాయి కాబట్టి ఆ గుర్తుకు ఇంకొకటి. ఎడమ వైపు మిగిలిన గడుల్లో ఖాళీలు పడతాయి, ఆ ఖాళీలే పాత అంకెలను తుడిచేస్తాయి. బరువులో కామాలు కావాలనుకుంటే శాతం గుర్తు తర్వాత సింగిల్ కోట్ పెట్టే పద్ధతి యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్‌లో ఉంది. లొకేల్ (భాష, ప్రాంతం అమరిక) భారతీయ ఇంగ్లిష్‌కు పెడితే మొత్తాలను 12,34,567 అని మన లక్షల లెక్కలోనే విడగొడుతుంది. రోజు చివరి మొత్తాలకు ఇది చాలా బాగుంటుంది. అప్పుడు కామా కూడా ఒక గడి తింటుందని మరచిపోకుండా వెడల్పు పెంచండి.

ఒక హెచ్చరిక. ఆ 6 అనేది కనీస వెడల్పు మాత్రమే, గరిష్ఠం కాదు. సీరియల్ తీగలో చెత్త వచ్చి బరువు 12345678 అని చదివితే ఎనిమిది గడులూ నిండుతాయి, పక్కనున్న ‘కిలోలు’ అనే మాట మీద కూడా పడతాయి. బరువు విలువ హద్దుల్లో ఉందో లేదో ముద్రించే ముందే చూసుకోవాలి, అది మీ ప్రోగ్రాం బాధ్యత. ఎలాగైనా గడులు దాటకూడదనుకుంటే, ముందు ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో ఒక చిన్న బఫర్‌లోకి ముద్రించి, దాన్ని డబ్ల్యూయాడ్‌ఎన్‌ఎస్‌టీఆర్‌కు ఇన్ని బైట్లే అని హద్దు పెట్టి ఇవ్వండి. అయితే కోసిన అంకె తప్పుడు బరువు చూపిస్తుంది కాబట్టి, హద్దు దాటినప్పుడు అంకెల బదులు ఆరు నక్షత్రాలు వేయడమే నాకు నచ్చిన పద్ధతి. ఆపరేటర్‌కు ఏదో తేడా ఉందని ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇదే సమస్యకు చాలామంది ఇచ్చే ఇంకో సలహా: ముద్రించే ముందు వరుస చివరి దాకా చెరిపే క్లర్‌టుఈవోఎల్ పిలవండి అని. మీరూ అదే చేశారు, అందుకే మీ కుడి గీత పోయింది. ఆ ఫంక్షన్‌కు పెట్టె అనేది ఒకటుందని తెలియదు. గీత కూడా దానికి మామూలు అక్షరమే, వరుస చివర ఉంది కాబట్టి చెరిపేసింది. ఫార్మాట్‌లో చివర కొత్త వరుస గుర్తు పెట్టినా ఇదే జరుగుతుంది. ప్రింట్‌ఎఫ్ అలవాటుతో ప్రతి ఫార్మాట్ చివరా బ్యాక్‌స్లాష్ ఎన్ పెట్టడం మన వేళ్లకే వచ్చేసింది. కర్సెస్‌లో ఆ గుర్తు వరుసలో మిగిలిన భాగాన్ని చెరిపి, కర్సర్‌ను కింది వరుస సున్నా గడికి పంపుతుంది. ఆ సున్నా గడిలో ఉన్నది మీ ఎడమ గీత. తర్వాత ముద్రించేది దాని మీద పడుతుంది. అంటే ఒక్క గుర్తుకు రెండు వైపులా నష్టం.

పెట్టె కావాలంటే రెండు విండోలు వాడండి. బయటి దానిలో బాక్స్ ఒక్కటే గీయండి, ఇక దాన్ని ముట్టుకోవద్దు. లోపల డెర్‌విన్‌తో అన్ని వైపులా ఒక్కో గడి తగ్గించి ఇంకో విండో చేసి, ముద్రణ అంతా దానిలోనే చేయండి. లోపలి విండో హద్దు గీత దగ్గరే ఆగిపోతుంది కాబట్టి చెరిపినా, పొడుగు వాక్యం కింది వరుసకు మడతపడినా పెట్టెకు ఏమీ కాదు. గత బండ్ల జాబితా పైకి జరుగుతూ పోవాలంటే స్క్రోల్‌ఓకే కూడా లోపలి దానికే పెట్టండి. పెట్టకపోతే విండో చివరి గడి నిండగానే ఫంక్షన్ తప్పు కోడ్ తిరిగి ఇచ్చి ఊరుకుంటుంది.

ఇప్పుడు తెలుగు పేర్ల దగ్గరకు వద్దాం. ముందు చూసుకోవాల్సినవి రెండు: కర్సెస్‌ను మొదలుపెట్టే ఇనిట్‌ఎస్‌సీఆర్ కంటే ముందే సెట్‌లొకేల్‌ను ఖాళీ స్ట్రింగ్‌తో పిలవాలి, లింక్ చేసేటప్పుడు చివర డబ్ల్యూ ఉన్న ఎన్‌కర్సెస్‌డబ్ల్యూ లైబ్రరీని వాడాలి. ఈ రెండూ లేకపోతే ప్రతి బైటు ఒక అక్షరమనుకుని లైబ్రరీ ముద్రిస్తుంది, తెలుగు కనిపించనే కనిపించదు. మీకు అక్షరాలు కనిపిస్తున్నాయి, వరుసలే కుదరడం లేదంటున్నారు కాబట్టి ఈ రెండూ చేసి ఉంటారు.

వరుసలు చెడేది మొదటి పనిలో. పేరు ముద్రించడానికి %-20ఎస్ అని రాస్తే ఇరవై గడులు అని మనం అనుకుంటాం. సీ లైబ్రరీకి అది ఇరవై బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ గుర్తు ప్రతిదీ మూడు బైట్లు. గుణింతం గుర్తు వేరు, హల్లు వేరు, సున్న వేరు. మీ జాబితాలోని మూడు పేర్లనే తీసుకుందాం. ‘నీలం’లో న, ఈత్వం, ల, సున్న: నాలుగు గుర్తులు, 12 బైట్లు. కాబట్టి 8 ఖాళీలు చేరతాయి. ‘బేనీషా’లో ఆరు గుర్తులు, 18 బైట్లు, ఖాళీలు రెండే. ‘తోతాపురి’లో ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. ఇరవై దాటిపోయింది కాబట్టి ఒక్క ఖాళీ కూడా చేరదు. తెర మీద గడుల లెక్క వేరు. లైనక్స్‌లో సాధారణంగా ఈత్వం, ఏత్వం, దీర్ఘం వంటివాటికి వెడల్పు సున్నా, కొమ్ములకూ సున్నకూ ఒకటి. ఆ లెక్కన నీలం మూడు గడులు, బేనీషా మూడు, తోతాపురి అయిదు. ఖాళీలు కలిపితే నీలం తర్వాతి అంకె 11 గడుల దూరంలో మొదలవుతుంది, బేనీషా, తోతాపురిల తర్వాతిది అయిదు గడుల దూరంలోనే. వెడల్పు ఒకటే అయినా బైట్లు తక్కువున్న పేరు వెనక అంకె ఎక్కువ దూరం జరుగుతుందన్నమాట. మీరు పంపిన తెర ఫోటోలో ఉన్నది సరిగ్గా ఇదే.

పొడుగు పేర్లు కోయడానికి %-20.20ఎస్ అని పెడితే ఇంకా ఘోరం. తోతాపురిలో ఇరవై బైట్లంటే ‘తోతాపు’ దాకా పద్దెనిమిది, తర్వాత ‘ర’లో మూడింట రెండు బైట్లు. సగం తెగిన ఆ అక్షరం వెనకే వచ్చే మామూలు అక్షరంతో కలిసి యూటీఎఫ్-8 నియమాలకు సరిపడని ముక్క అవుతుంది. తెర మీద ఏం కనిపిస్తుందో ఇక చెప్పలేం. వైడ్ అక్షరాల (ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య ఉండే) స్ట్రింగ్ ఇచ్చి %ఎల్ఎస్ వాడమని కొందరు చెబుతారు. దానితో అక్షరం సగంలో తెగదు, అంత మేలు ఉంది. కానీ వెడల్పు మాత్రం అక్కడా బైట్లలోనే లెక్కిస్తుంది, కాబట్టి వరుసలు కుదరవు.

అందుకని తెలుగు ఉన్న చోట ఖాళీలు నింపే పని ఫార్మాట్‌కు అప్పగించవద్దు. ముందు ఎంవీడబ్ల్యూహెచ్‌లైన్‌తో ఖాళీ అక్షరాన్ని ఇరవై గడుల పొడవునా గీసి ఆ స్థలాన్ని తుడవండి. తర్వాత అక్కడ పేరు వేయండి. తర్వాత అంకెను ఎంవీడబ్ల్యూప్రింట్‌డబ్ల్యూతో ఫలానా అడ్డు వరుస, ఫలానా నిలువు వరుస అని స్పష్టంగా చెప్పి, %6డి తో వేరే పిలుపులో ముద్రించండి. పేరు ఎన్ని బైట్లయినా అంకె చోటు కదలదు. పేరు ఇరవై గడులు దాటుతుందేమో చూడాలంటే ఎంబీఎస్‌టూడబ్ల్యూసీఎస్‌తో వైడ్ స్ట్రింగ్‌గా మార్చి, డబ్ల్యూసీఎస్‌విడ్త్‌తో కొలిచి, అవసరమైతే చివరి గుర్తులు ఒక్కొక్కటిగా తీసేస్తూ రండి.

ఇంత చేసినా తెలుగు పూర్తిగా కుదురుతుందని హామీ ఇవ్వను. కారణం వత్తులు. లైబ్రరీ ఒక గడిలో ఒక మూల అక్షరాన్ని, దాని మీద వెడల్పు లేని గుర్తులను మాత్రమే పెడుతుంది. ‘చిత్తూరు’లో త కింద తవత్తు ఉంది. యూనికోడ్‌లో అది త, పొల్లు, మళ్లీ త. రెండో త కు వెడల్పు ఒకటి కాబట్టి అది పక్క గడిలో కూర్చుంటుంది. గడి గడికీ విడిగా గీసే టెర్మినల్‌లో ఊరి పేరు మధ్యలో విరిగి కనిపిస్తుంది. కొన్ని టెర్మినళ్లు రెండు గడులనూ కలిపి వత్తు సరిగా వేస్తాయి గానీ, అప్పుడు లైబ్రరీ అనుకున్న వెడల్పుకూ తెర మీది వెడల్పుకూ తేడా వచ్చి కుడి వైపున్నవి జరుగుతాయి. గ్రాఫిక్స్ లేకుండా నేరుగా వచ్చే లైనక్స్ నల్ల తెర మీదైతే ఆశ వదులుకోండి. ఆ ఫాంటులో గరిష్ఠంగా 512 రూపాలకే చోటు, తెలుగు అక్షరాలను కలిపి గీసే యంత్రాంగం అసలే లేదు.

కాబట్టి నా సలహా ఇది. వరుసలో తెలుగు పేరును చిట్టచివర పెట్టండి, దానికి కుడి వైపు ఏమీ ఉండకూడదు, ఆ భాగానికి కుడి గీత కూడా వద్దు. బండి నంబరు, తూకాలు ముందు, కాయ రకం చివర. పేరు ఒక గడి అటూ ఇటూ అయినా నష్టపోయేది ఏమీ లేదు. రైతు చేతికి వెళ్లే రసీదులో తెలుగు చక్కగా ఉండాలి, అందులో రాజీ పడవద్దు. కానీ ఆ పని టెర్మినల్‌ది కాదు, పీడీఎఫ్ తయారుచేసి ప్రింటర్‌కు పంపే వేరే ప్రోగ్రాంది.

మీరు అడగనిది ఒకటి మీ కోడ్‌లో చూశాను. నాలుగు ఫిర్యాదుల కంటే అదే ప్రమాదకరం. ఆపరేటర్ టైపు చేసిన రిమార్కును మీరు నేరుగా డబ్ల్యూప్రింట్‌డబ్ల్యూకు ఫార్మాట్ స్థానంలో ఇస్తున్నారు. బండి నంబర్ల వరకు పర్వాలేదు, ఏపీ 03, ఏపీ 39, పక్క రాష్ట్రం బండ్లు, వేటిలోనూ శాతం గుర్తు ఉండదు. రిమార్కుల్లో మాత్రం తరుగు రాస్తారు. ఎవరైనా ఇంగ్లిష్‌లో ‘5%షార్టేజ్’ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టారనుకోండి. శాతం గుర్తు వెనక ఎస్ వచ్చింది. మీరు ఇవ్వని స్ట్రింగ్ చిరునామా కోసం ఫంక్షన్ వెతుకుతుంది, దొరికిన చెత్త చిరునామాను చదవబోయి ప్రోగ్రాం కూలిపోతుంది. ‘5%డ్యామేజ్’ అంటే శాతం వెనక డి, కూలిపోకుండా ఏదో అర్థం లేని అంకె కనిపిస్తుంది. రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చే చెత్తలో కొంత ఇక్కడి నుంచే అయి ఉండవచ్చు. బయటి నుంచి వచ్చిన ఏ స్ట్రింగ్‌నైనా %ఎస్ ఫార్మాట్‌తో ఇవ్వండి, లేదా ఫార్మాట్ అవసరమే లేదు కాబట్టి డబ్ల్యూయాడ్‌ఎస్‌టీఆర్ వాడండి. 2021 అక్టోబరులో వచ్చిన ఎన్‌కర్సెస్ 6.3 నుంచి ఈ ఫంక్షన్లకు ప్రింట్‌ఎఫ్ తరహా గుర్తింపు హెడర్‌లోనే ఉంది. జీసీసీలో ఫార్మాట్ సెక్యూరిటీ హెచ్చరికలు ఆన్ చేస్తే కంపైలరే ఇలాంటి చోట్లను పట్టిస్తుంది. హెచ్చరికలు ఆపేసి కంపైల్ చేసే అలవాటు ఉంటే మానుకోండి.

ప్రింట్‌డబ్ల్యూ కుటుంబంలో మిగతా ఫంక్షన్ల సంగతి త్వరగా చెబుతాను. ఉత్త ప్రింట్‌డబ్ల్యూ ఎప్పుడూ ఎస్‌టీడీఎస్‌సీఆర్ అనే మూల విండోలోనే రాస్తుంది. ముందు డబ్ల్యూ ఉంటే మీరిచ్చిన విండోలో. ముందు ఎంవీ ఉంటే కర్సర్‌ను జరిపి రాస్తుంది, రెండూ ఉంటే రెండూ. ఎంవీ రకాల్లో ముందు వచ్చేది అడ్డు వరుస, తర్వాతే నిలువు వరుస. గ్రాఫ్ అలవాటుతో తిప్పి రాస్తే, 24 వరుసల తెరలో 40వ వరుస అడిగినట్టవుతుంది, జరపడం విఫలమై ఏమీ ముద్రించకుండా తిరిగి వచ్చేస్తుంది. శబ్దం చేయదు. తిరిగి వచ్చే విలువ ఈఆర్ఆర్ అవునా అని చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ ప్రింట్‌ఎఫ్‌కూ దీనికీ ఇంకో తేడా: ప్రింట్‌ఎఫ్ ముద్రించిన బైట్ల సంఖ్య తిరిగి ఇస్తుంది, ఇది ఓకే లేదా ఈఆర్ఆర్ మాత్రమే ఇస్తుంది. ఆ విలువను పొడవు అనుకుని తర్వాతి చోటు లెక్కించే కోడ్ చాలాచోట్ల చూశాను. ముద్రణ తర్వాత కర్సర్ ఎక్కడ ఉందో కావాలంటే గెట్‌వైఎక్స్ ఉంది.

కింది వరుసలో సందేశాలు చూపించడానికి మీరు సొంతంగా ఫంక్షన్ రాసుకున్నారు, మంచి పని. అయితే విలువల సంఖ్య మారే ఫంక్షన్ కాబట్టి అందులో వీఏ లిస్ట్ (ఆ విలువల జాబితా) తయారవుతుంది. దాన్ని మీరు డబ్ల్యూప్రింట్‌డబ్ల్యూకు మామూలు విలువలా ఇచ్చేశారు. అది కంపైల్ అవుతుంది, నడిచేటప్పుడు చెత్త చూపిస్తుంది. వీఏ లిస్ట్ తీసుకునేది వేరే ఫంక్షన్: వీడబ్ల్యూ, అండర్‌స్కోర్, ప్రింట్‌డబ్ల్యూ. అండర్‌స్కోర్ లేని అదే పేరు కూడా ఉంది. అది పాత వారార్గ్స్ హెడర్ కాలం నాటిది, ఎక్స్/ఓపెన్ ప్రమాణం దాన్ని వదిలేసి అండర్‌స్కోర్ ఉన్నదాన్ని ముందుకు తెచ్చింది. ఎన్‌కర్సెస్‌లో రెండూ ఒకేలా పనిచేస్తాయి గానీ కొత్త కోడ్‌లో అండర్‌స్కోర్ ఉన్నదే రాయండి. మీ ఫంక్షన్‌లో వీఏ స్టార్ట్, సందేశాల విండోను డబ్ల్యూఎరేజ్‌తో తుడవడం, కర్సర్‌ను సున్నా గడికి తేవడం, ఈ ఫంక్షన్‌తో ముద్రించడం, వీఏ ఎండ్, చివరికి రిఫ్రెష్, ఇదీ వరుస.

చెరపడానికి డబ్ల్యూఎరేజ్ అన్నాను, డబ్ల్యూక్లియర్ అనలేదు. క్లియర్ వాడితే తర్వాతి రిఫ్రెష్‌లో తెర మొత్తం మళ్లీ గీయమని గుర్తు పెట్టుకుంటుంది. సెకనుకు అయిదుసార్లు బరువు మారే తెర మీద అది మినుకుమినుకుమంటుంది, పొద్దంతా చూసే ఆపరేటర్ కళ్లు పాడవుతాయి. విండోలు రెండు మూడు ఉన్నప్పుడు ఒక్కోదానికీ రిఫ్రెష్ పిలవకుండా, అన్నిటికీ డబ్ల్యూనౌట్‌రిఫ్రెష్ పిలిచి చివర ఒక్కసారి డూఅప్‌డేట్ పిలవండి.

మీ లోపలి విండో కొన్నిసార్లు కనిపించకుండా పోతుందన్నది కూడా ఒక మూలన రాశారు. మీట కోసం మీరు ఉత్త గెట్‌సీహెచ్ పిలుస్తున్నారు. అది మూల విండోను తనంతట తానే రిఫ్రెష్ చేస్తుంది. ఎక్కడో ఒకచోట మీరు ప్రింట్‌డబ్ల్యూతో మూల విండోలో ఏదో రాసి ఉంటే, అది వచ్చి మీ విండో మీద పడుతుంది. మీ విండోతోనే డబ్ల్యూగెట్‌సీహెచ్ పిలవండి, మూల విండోలో ఏమీ రాయవద్దు. బోల్డ్ కూడా అంతే: ఉత్త అట్రాన్ మూల విండోకు వర్తిస్తుంది, మీ విండోలో అక్షరాలు లావుగా రావాలంటే డబ్ల్యూఅట్రాన్ కావాలి.

ఇక తెరంతా చెత్తగా మారే విషయం. సీరియల్ పోర్టు చదవడానికి ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పని) పెట్టి, బరువు రాగానే ఆ థ్రెడ్ నుంచే ముద్రిస్తున్నారు. అదే సమయంలో ప్రధాన థ్రెడ్ మీటలు చదువుతూ, సందేశాలు వేస్తూ ఉంది. మామూలుగా కట్టిన ఎన్‌కర్సెస్ రెండు థ్రెడ్లు ఒకేసారి వాడటానికి కాదు. ఒకరు కర్సర్‌ను 5వ వరుసకు జరిపి ముద్రించే లోపు ఇంకొకరు దాన్ని 20వ వరుసకు జరుపుతారు. టెర్మినల్‌కు వెళ్లే నియంత్రణ సంకేతాలు కూడా మధ్యలో ఒకదాన్లో ఒకటి కలిసిపోవచ్చు. అరుదుగా జరుగుతుంది కాబట్టి పరీక్షలో దొరకదు, బండ్లు ఎక్కువగా ఉన్న రోజే దొరుకుతుంది. సీరియల్ థ్రెడ్ బరువును తాళం వేసిన ఒక చలరాశిలో పెట్టి ఊరుకోవాలి. గీసే పని మొత్తం ప్రధాన థ్రెడ్‌దే. అది డబ్ల్యూటైమౌట్‌తో 200 మిల్లీసెకన్లు మీట కోసం చూసి, రాకపోతే తాజా బరువు తీసుకుని ముద్రిస్తే చాలు. నిజానికి ఇంత చిన్న ప్రోగ్రాంకు థ్రెడ్ అవసరమే లేదు, పోల్ అనే ఫంక్షన్ వాడి సీరియల్ పోర్టునూ కీబోర్డునూ ఒకేచోట చూడవచ్చు. సిగ్నల్ హ్యాండ్లర్‌లో (బయటి సంకేతం రాగానే నడిచే ఫంక్షన్‌లో) కూడా ముద్రణ పెట్టవద్దు, అక్కడ ఒక జెండా మార్చి బయటకు రావాలి.

చెత్తకు ఇంకో మూలం కూడా మీ దగ్గర ఉంది: డీబగ్ కోసం వదిలేసిన ఉత్త ప్రింట్‌ఎఫ్‌లు. కర్సెస్ నడుస్తున్నప్పుడు ప్రింట్‌ఎఫ్ నేరుగా టెర్మినల్‌కు రాస్తుంది, లైబ్రరీకి ఆ సంగతి తెలియదు. అక్కడ పాత గడే ఉందనుకుని అది చెరపదు కూడా. అవన్నీ ఎర్రర్ ధారకు మార్చి, ప్రోగ్రాం మొదలుపెట్టేటప్పుడు ఆ ధారను ఒక ఫైల్‌కు మళ్లించండి. వినియోగదారుడు చూడాల్సిన తప్పు సందేశం ఏదైనా ఉంటే, కర్సెస్‌ను ముగించే ఎండ్‌విన్ పిలిచాక ప్రింట్‌ఎఫ్ చేసుకోవచ్చు.

ముందు రిమార్కు ఫార్మాట్‌ను, థ్రెడ్‌ను సరిచేయండి, ఆ తర్వాతే అందం. ఇవన్నీ చేశాక కూడా తెర చెడితే మళ్లీ రాయండి. అప్పుడు టెర్మినల్ పేరు, టర్మ్ అనే పర్యావరణ చలరాశి విలువ, తెర వరుసల సంఖ్య, ఎన్‌కర్సెస్ వెర్షన్, ఆ ఎర్రర్ ఫైల్‌లో చెడిన నిమిషానికి ముందున్న కొన్ని వరుసలు పంపండి. తెర ఫోటో ఒక్కటే ఉంటే ఈసారి నేనేమీ చెప్పలేను.